పక్కింటి వేడి

మండపేట నుంచి ఫోను వచ్చినప్పుడు నేను తణుకులో మా వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద గిన్నెలో పప్పు ఉడుకుతోంది. ఫోనులో పిన్నిగారి కూతురు.

"అమ్మ పోయిందక్కా, తెల్లారగట్ల. నిద్దర్లోనే."

ఏమన్నానో గుర్తు లేదు. ఫోను పెట్టేసి మొదట చేసిన పని, ఆ పప్పు గిన్నె మీద మూత పెట్టడం. తర్వాత మంట తగ్గించాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. తణుకు రాకముందు మండపేటలో కొన్నేళ్ళు వాళ్ళ వెనక వాటాలో అద్దెకున్నాం, అంతే. వీధి అంతా పిన్నిగారనేది కాబట్టి నేనూ అలాగే పిలిచాను. పేరు ఉంది గాని ఇక్కడ రాయను. రాస్తే పక్కింటాయన పేరు కూడా రాయాలనిపిస్తుంది.

పొట్టి మనిషి. కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పులు లేకుండా చరచరా నడిచేది. ఎవరింటికి వెళ్ళినా ముందు మనిషిని కాదు, గోడ మీద స్విచ్చుల్ని చూసేది. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే సరాసరి వెళ్ళి టక్కున నొక్కి, "చావు" అనేది. ఉడికే గిన్నె మీద మూత పెట్టి, "ఊపిరాడక చావు" అనేది. కందిపప్పు ముందే నానబోస్తూ, "సగం మంట ఇక్కడే చచ్చింది" అని నవ్వుకునేది. మేడ మీద ట్యాంకు నిండి నీళ్ళు కారిపోతున్నా మోటారు ఆపని ఇల్లు కనిపిస్తే, గేటు తీసుకుని లోపలికి పోయి తనే కట్టేసి వచ్చేది.

ఆవిడకి ఆ అలవాటు మొదలైన కొత్తలో ఒకసారి అడిగాను. "ఎవర్నండీ పిన్నిగారూ చావమంటున్నారు?"

"వేడిని," అంది. నేను నవ్వితే ఆవిడ నవ్వలేదు. "పొదుపనుకుంటున్నావేమో. పొదుపు కాదమ్మాయ్. పగ."

ఆ పగ ఎక్కడ మొదలైందో నేను కళ్ళారా చూశాను. అప్పటికి మేము పిన్నిగారింట్లో లేము. ఆవిడ పక్కింటి మేడలో, పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఆ మేడాయన బియ్యం కమీషన్ వ్యాపారం చేసేవాడు. చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. గుడి ఉత్సవాలకు చందాలిచ్చేవాడు. ఎండాకాలం వస్తే సెంటర్లో చలివేంద్రం పెట్టి, తన ఫొటో ఉన్న ఫ్లెక్సీ కింద నిలబడి దారినపోయేవాళ్ళకు స్వయంగా మజ్జిగ పోసేవాడు. ఆ మేడకీ పిన్నిగారి చిన్న డాబాకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉండేది. ఆ సందు చివర ఒకప్పుడు పెద్ద కానుగ చెట్టు ఉండేదిట. పడమటి ఎండంతా అదే ఆపేదిట. ఆకులు రాలి కారు పాడవుతోందని మేడాయన కొట్టించేశాడు. ఆ తర్వాత కింది అంతస్తుల్లో గదికొకటి చొప్పున ఏసీలు బిగించి, వాటి బయటి డబ్బాలన్నీ ఆ సందులోనే, పిన్నిగారి కిటికీకి ఎదురుగా పెట్టించాడు.

ఆ కిటికీ లోపల మంచం మీద పిన్నిగారి భర్త ఉండేవారు. రైసు మిల్లులో ఇంజను చూసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ముందు వసారాకి రేకులు. ఎండకి అక్కడ చెయ్యి పెట్టలేం. వెనక వాటాలో అప్పటికి వేరే వాళ్ళున్నారు. ఆ మధ్య గదీ ఆ ఒక్క కిటికీయే వాళ్ళకి దిక్కు.

ఒకరోజు నేను మెట్లు దిగుతుంటే కింద పిన్నిగారు మేడాయనతో మాట్లాడుతోంది. చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ అలా నిలబడటం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

"చెట్టు కొట్టేశారు, ఊరుకున్నానండి. మీ డబ్బాలు మాత్రం మేడ మీదికి మార్పించండి, పుణ్యముంటుంది. ఆయన కదల్లేడు. కిటికీ తీస్తే నిప్పుల గాలి, మూస్తే ఊపిరాడదు."

"పైపు పొడుగైపోతే చల్లదనం రాదంటండి, మెకానిక్కు చెప్పాడు. ఓ పని చెయ్యండి, మీరూ ఒకటి బిగించేసుకోండి. లోకమంతా వేడెక్కిపోతుంటే నా డబ్బాలు ఆపితే ఆగిపోద్దా ఏంటండీ?"

"లోకం సంగతి నాకు తెలీదండి. మా ఆయన మంచం వేడెక్కిపోతోంది."

మేడాయన నవ్వాడు. కోపంగా కాదు, వెక్కిరింతగా కూడా కాదు. చిన్నపిల్ల ఏదో అంటే నవ్వుతామే, అలా. ఆ నవ్వు ఇంకాస్త చెడ్డగా ఉంటే పిన్నిగారు మరిచిపోయేదేమో అనిపిస్తుంది నాకు.

రోహిణీ కార్తె వచ్చింది. ఆ ఎండల్లో గోడలు పొద్దుగూకాక కూడా చురుక్కుమనేవి. పిన్నిగారు కిటికీకి తడి దుప్పటి కట్టేది. డబ్బాల గాలికి అది ఇట్టే ఆరిపోయేది. మళ్ళీ తడిపేది. పై నుంచి నాకు ఆ దుప్పటి, దాన్ని తడిపే చేతులూ కనిపించేవి. ఒక మధ్యాహ్నం ఆ చేతులు కనిపించలేదు. కాసేపటికి కేక వినిపించింది.

వచ్చిన డాక్టరు చూసి, ప్రాణం పోయింది, వడదెబ్బ అన్నాడు. పిన్నిగారు ఆయన ముందుకెళ్ళి నిలబడింది.

"వడదెబ్బేంటండీ? గడప దాటి ఎన్నాళ్ళయిందో ఆయన. ఎండ మొహం చూడని మనిషికి వడదెబ్బేంటి?"

డాక్టరు కిటికీ వైపు చూశాడు, సందులోకి చూశాడు. బ్యాగు సర్దుకున్నాడు.

సాయంత్రానికి మేడాయన వచ్చాడు. నిజంగానే బాధపడుతున్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది. "కూతురు రాజమండ్రి నుంచి వచ్చేదాకా ఉంచాలి కదమ్మా. ఐసు బాక్సు నేను తెప్పిస్తాను," అన్నాడు.

పిన్నిగారు తలెత్తింది. కంట్లో తడి లేదు.

"బతికున్నంతసేపూ వేడి పంపించారు. ఇప్పుడు చల్లదనం పంపిస్తారాండీ?"

వసారాలో కూర్చున్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. మేడాయన చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎన్నేళ్ళయినా ఆవిడ ఆయన్ని ఒక్క తిట్టు తిట్టడం నేను వినలేదు. ఎప్పుడూ "అండి" అనే అనేది.

పెద్ద కర్మ అయిన మర్నాడు పిన్నిగారు డాబా ఎక్కింది. బకెట్టులో సున్నం కలిపి, పట్టు కోసం కాస్త బంక పోసి, స్లాబంతా తెల్లగా పూయడం మొదలెట్టింది. కూతురు కింద నుంచి బతిమాలుతోంది, "జనం ఏమనుకుంటారే అమ్మా, దిగు" అని. ఆవిడ వినలేదు. పూత పూతకీ ఎవరి మొహానికో పూస్తున్నట్టు చెయ్యి విసిరి పూసింది. నేను మా బాల్కనీ నుంచి చూస్తుంటే తలెత్తి, "ఎండని వెనక్కి కొడుతున్నానమ్మాయ్. ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోవాలి," అంది.

వానలు పడ్డాక పడమటి వైపు వెదురు పందిరి వేయించింది. దొండ, చిక్కుడు, సొర పాదులు పెట్టింది. ఎరువుకి వీధిలో ప్రతి ఇంటికీ పోయి కూరగాయ తొక్కలు అడిగి తెచ్చుకునేది. అంతకు ముందు అవన్నీ కాలవగట్టున పోగేసి తగలబెట్టేవాళ్ళు. పగిలిన తొట్లలో తొక్కలూ ఎండుటాకులూ పొరలు పొరలుగా వేసి మగ్గబెట్టింది. "కాల్చితే పొగై మళ్ళీ మన నెత్తి మీదికే వస్తాయి. మగ్గితే నా పాదుకి బలం," అనేది. మరో ఏడాది తిరిగేసరికి తీగలు డాబా అంతా కప్పేశాయి. సందు వైపు కిటికీకి కొబ్బరాకు దడి కట్టి, సాయంత్రం గిన్నెలు కడిగిన నీళ్ళు దాని మీద చల్లేది.

రోజూ పేపరు చదివేది. భూమి వేడెక్కడం మీద ఏ వార్త వచ్చినా అక్షరం వదిలేది కాదు. ఎక్కడో బొగ్గు కాలుస్తారని, ఆ పొగ ఆకాశంలో దుప్పటిలా కప్పుకుంటుందని, ఆ కరెంటే తీగల్లో నడిచొచ్చి పక్కింటి డబ్బాలు తిప్పుతుందని చదివిన రోజు పేపరు మడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది: "అయితే ఆయనొక్కడే కాదన్నమాట. ఊరికే తిరిగే ప్రతి ఫ్యానూ ఆయన పక్షమే." ఆ రోజు నుంచి ఆవిడ పగ సందు దాటి వీధంతా పాకింది.

తీగలు డాబాని కప్పేసిన ఆ వేసవిలో నా కొడుకు చంటివాడు. మేడ పై గదిలో స్లాబు వేడికి ఒళ్ళంతా పేలి, రోజంతా ఏడుపే. మాకు ఏసీ లేదు. కింది అంతస్తుల ఏసీల వేడి బాల్కనీలోంచి పైకి కొట్టేది. ఒక మధ్యాహ్నం వాణ్ణి ఎత్తుకుని పిన్నిగారింటికి పరిగెత్తాను. మధ్య గదిలోకి అడుగు పెట్టగానే ఎవరో నుదుటి మీద తడి చెయ్యి వేసినట్టయింది. వాడు ఏడుపు ఆపి అటూ ఇటూ చూశాడు. అదే గది. అదే కిటికీ. మనిషి ఉడికిపోయి చచ్చిన గది.

"వెనక వాటా ఖాళీ అయింది. వచ్చెయ్," అంది పిన్నిగారు. "ఒక్కటే మాట. సామాను వెనక దారిన తేవద్దు. ఆయన గుమ్మం ముందు నుంచే తీసుకురావాలి."

అలాగే తెచ్చాం. మేడాయన అరుగు మీద నిలబడి చూశాడు. పిన్నిగారు తన గేటు దగ్గర నిలబడి ఆయన్ని చూసింది. ఆ పూట బూరెలు వండింది.

మా తర్వాత మా కింది వాటా వాళ్ళూ ఖాళీ చేశారు. మేడ గేటుకి టు లెట్ బోర్డు వేలాడింది. పిన్నిగారు పొద్దున్నే పాదులకి నీళ్ళు పోస్తూ, "ఉందా ఇంకా?" అని అడిగేది. "ఉందండి" అంటే, ఇంకో చెంబు నీళ్ళు ఉత్సాహంగా పోసేది.

మధ్యాహ్నాలు వీధిలో ఆడవాళ్ళంతా ఆ పందిరి కింద చేరేవాళ్ళు. మిషను కుట్టేవాళ్ళు, చింతపండు గింజలు తీసేవాళ్ళు, ఊరికే కూర్చునేవాళ్ళు. రావడానికి ఒకటే షరతు: ఇంట్లో అన్నీ కట్టేసి రావాలి. తిరిగి వెళ్ళేసరికి గది చల్లగా ఉండాలని ఏసీ వేసి వచ్చిన ఒకావిణ్ణి వాకిట్లోంచే వెనక్కి పంపేసింది. ఆవిడ అలిగి మళ్ళీ రానంది. మర్నాడు అన్నీ ఆపేసి వచ్చింది. బియ్యం నానబెట్టి వండటం, అన్నం ఇంకా పలుకుగా ఉండగానే పొయ్యి కట్టేసి మూత మీద బరువు పెట్టి ఉంచడం, ఏసీ తప్పనిసరైన వాళ్ళు దాన్ని మరీ చల్లగా పెట్టకుండా తోడుగా ఫ్యాను వేసుకోవడం, బజారుకి బండి తీయకుండా నడిచి వెళ్ళడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాం. నేర్పేటప్పుడు ఆవిడ గొంతులో మంచి చెబుతున్నట్టు ఉండేది కాదు. దెబ్బ ఎక్కడ కొట్టాలో చెబుతున్నట్టుండేది.

మిషను కుట్టే అమ్మాయి ఒకసారి అడిగింది. "మన వీధి ఆడాళ్ళం మూతలు పెట్టుకుంటే భూమి చల్లబడిపోద్దా పిన్నీ?"

"పడుద్దో పడదో నాకు తెలీదే. వాడికి నా చేతి మేత మాత్రం పడదు."

ఆ వాడు వేడో, మేడాయనో నాకు ఎప్పుడూ తేలలేదు.

తర్వాతి వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మరు పేలింది. అన్ని ఇళ్ళ ఏసీలూ కలిసి లాగిన లోడుకి తట్టుకోలేకపోయిందన్నాడు లైన్‌మన్. మర్నాటికి గాని కొత్తది రాదన్నాడు. మేడంతా అద్దాల కిటికీలు. వాటిలో సగం తెరుచుకోవు. లోపల పొయ్యిలా అయిపోయింది. మేడాయనకి బీపీ, షుగరూ ఉన్నాయి. మెట్ల మీద కూలిపోయాడు. వాళ్ళావిడ జుట్టుముడి ఊడిపోయి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కయ్యగారూ, మా ఆయన పడిపోయారండీ. అంబులెన్సు ఆలమూరు వైపు వెళ్ళిందంట, వచ్చేసరికి ఆలస్యమౌతుందంట. మీ ఇంట్లో కాసేపు..."

వీధిలో నలుగురు మగవాళ్ళు అప్పటికే ఆయన్ని మోసుకొస్తున్నారు. పిన్నిగారు గేటు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. మేమంతా ఆ చేతినే చూస్తున్నాం. తీస్తుందనుకున్నవాళ్ళున్నారు. తీయకూడదని నేను అనుకున్నాను. అబద్ధమెందుకు, ఆ నిమిషంలో అదే కోరుకున్నాను. నా బిడ్డ ఒంటి మీది పొక్కులు గుర్తొచ్చాయి, తడి దుప్పటి పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి.

గడియ తీసింది.

"మధ్య గదిలో వెయ్యండి. కిటికీ పక్క మంచం మీద," అంది.

చొక్కా విప్పించింది. కుండలో నీళ్ళతో తువ్వాలు తడిపి మెడకీ, చంకల్లోనూ, పాదాలకీ పెట్టించింది. తాటాకు విసనకర్ర తీసుకుని తలాపున కూర్చుని విసరడం మొదలెట్టింది. చాలాసేపటికి మేడాయన కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియలేదు. తెలిశాక లేవబోయాడు. లేవలేకపోయాడు.

"చల్లగా ఉందాండీ?" అంది పిన్నిగారు.

"ఉందమ్మా."

"ఇదే మంచమండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. గదిలో ఆడవాళ్ళం నిండి ఉన్నాం. గుమ్మం దగ్గర మోసుకొచ్చిన మగవాళ్ళు.

"చెప్పండి. మా ఆయన ఎందుకు పోయారు?"

వాళ్ళావిడ ఏడుస్తూ పిన్నిగారి భుజం పట్టుకుంది. "ఇప్పుడెందుకు అక్కయ్యగారూ అవన్నీ? ప్రాణం మీదికొచ్చిందండీ."

"మాకూ అప్పుడు ప్రాణం మీదికే వచ్చిందమ్మా," అంది. విసరడం మాత్రం ఆపలేదు. ఆ చెయ్యి ఒకే ఊపులో ఆడుతూనే ఉంది. అడుగుతున్నంతసేపూ ఆయనకి గాలి తగులుతూనే ఉంది. కాసేపు ఆపితే ఆయన భయపడి ఏదో ఒకటి అనేసేవాడు. అలా అనిపించుకోవడం ఆవిడకి అక్కర్లేదు.

"నా వల్లేనమ్మా," అన్నాడు మేడాయన. పక్కనున్నవాళ్ళకే వినపడింది.

"సందులోకి వినపడలేదండి."

"నా వల్లే పోయాడు. మీరడిగారు, నేను నవ్వాను."

పిన్నిగారు లేచి విసనకర్ర వాళ్ళావిడ చేతిలో పెట్టింది. "ఇక మీరు విసురుకోండి," అని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఏడుస్తుందేమోనని వెనకాలే వెళ్ళాను. కుళాయి దగ్గర సబ్బు పెట్టి మోచేతుల దాకా చేతులు కడుక్కుంటోంది.

"అయిపోయిందాండీ పిన్నిగారూ?"

"ఎక్కడైంది? డబ్బాలింకా అక్కడే ఉన్నాయిగా."

ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే మేడాయన మెకానిక్కుని పిలిపించాడు. సందులో డబ్బాలన్నీ విప్పించి, ఒక్కదాన్ని మాత్రం మేడ మీద పెట్టించుకున్నాడు. మిగిలినవి అమ్మేశాడు. స్లాబుకి సున్నం కొట్టించాడు. పందిరి వేయించాడు. వాళ్ళావిడ వచ్చి నన్ను పక్కకి పిలిచి, మీ పిన్నిగారి దొండ తీగ ముక్క ఒకటి ఇప్పించమ్మా అని అడిగింది. భయపడుతూనే పిన్నిగారికి చెప్పాను.

"కోసివ్వు," అంది. "నేనిచ్చానని చెప్పకు." నేను రెండడుగులు వేశాక మళ్ళీ పిలిచింది. "కాదు, చెప్పు. నేనే ఇచ్చానని చెప్పు. రోజూ ఆయన దాని కింద కూచోవాలి, కూచున్నప్పుడల్లా గుర్తు రావాలి."

వీధిలో కొందరు ఇద్దరికీ రాజీ అయిపోయిందనుకున్నారు. కాలేదు. మేడాయన ఎదురైనప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు. ఆవిడ మొహం తిప్పుకునేది. అన్నీ చేశాడు కదండీ, ఇంకా ఎందుకండీ అని నేనొకసారి అన్నాను.

"చేశాడు. చేయాల్సిందే. చేస్తే భూమికి లాభం, వీధికి లాభం. మా ఆయనకి ఏం లాభం?" అంది.

ఫోను వచ్చిన రోజు మేము మండపేట చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. పిన్నిగారిని పందిరి కిందే పడుకోబెట్టారు. వీధి వీధంతా అక్కడే ఉంది. ఐసు బాక్సు తెప్పించొద్దని ముందే చెప్పిందట. ఇంకో మాట కూడా చెప్పిందట, కూతురు నా చెవిలో చెప్పింది.

పాడె కట్టేవేళకి మేడాయన వచ్చాడు. ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఒక కొమ్ము తనూ పట్టుకుంటానన్నట్టు గేటు దాటి రాబోయాడు. పిన్నిగారి కూతురు ఎదురెళ్ళింది.

"అమ్మ వద్దందండి. మీరు ముట్టుకోకూడదంది."

ఆయన ఆగిపోయాడు. గేటు బయటికి తిరిగి వెళ్ళి, రోడ్డు మీద నిలబడ్డాడు. నీడ లేదక్కడ. కాళ్ళకున్న చెప్పులు కూడా విప్పేసి పక్కన పెట్టాడు. ఎవరో గొడుగు పట్టబోతే వద్దని చెయ్యి ఊపాడు. మిషను కుట్టే అమ్మాయి జాలిపడి, "ఆయన్ని లోపలికి పిలవక్కా, పందిరి చివరన్నా కూచుంటాడు. నువ్వు పిలిస్తే వస్తాడు," అంది.

గేటు దాకా వెళ్ళాను. ఆయన నన్ను చూశాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు.

నేను పిలవలేదు.